ఏకు

మాది పేరు అడగాల్సిన పని లేదు, పనే పేరు.
తాత విల్లుతో ఏకె. నాయన విల్లుతో ఏకె.
నేను మోటారుతో ఏకుతా,
ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు పక్కన
రేకుల షెడ్డులో.

పాత పరుపు విప్పితే చాలు,
ఎవరు ఏ పక్కకు తిరిగి పండుకుంటారో చెప్తా.
ఎవరు పండుకోకుండా
తెల్లార్లూ అంచున కూచుంటారో కూడా చెప్తా.
దూది ఆడ గడ్డ కడతాది.

నాకూ కట్టింది.
ఎడమ పక్క, మొలతాడుకు బెత్తెడు పైన.
మార్కెట్ యార్డులో దూది బోరెం దించుతా ఉంటే
ఏకై వచ్చె,
మూడోనాటికి మేకై కూచునె.
లుంగీ కట్టుకోవాలన్నా
గోడను బతిమాలుకోవాల్సొచ్చె.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ బొటనవేలితో నొక్కి
"ఎముకకేం కాలేదు పక్కీరప్పా,
కండ పట్టేసింది.
దెబ్బ తిన్న చోటు కదలకుండా
బిగుసుకొని కాపలా కాస్తాంది" అనె.

కాపలానా!
ఇన్ని దినాలూ నేను దాన్ని
దొంగ అనుకుంటినే.

"రాత్రి అన్నం తిన్నాక ఒకటి. ఐదు దినాలు.
కండ సడల్తాది. మత్తుగా ఉంటాది.
మోటారు జోలికి పోవద్దు.
ఎవరి చీటీ వాళ్ళదే,
ఇంట్లో ఎవరికీ పంచొద్దు."

సెనగ్గింజంత తెల్ల మాత్ర.
మొదటి రాత్రి నాలుక ఎండిపోయె.
రెప్పల మీద ఎవరో తడి దూది పెట్టిరి.
ఆ పైన నడుములోకి మా తాత వచ్చె,
గొంతుక్కూచోని, విల్లు తగిలించి,
డుంగ్... డుంగ్...
గడ్డను పోగు పోగు విప్పుతా ఉండె.
ఏం తొందర లేదు ఆయనకు.
కరెంటు బిల్లు లేదు,
హాస్టలుకు సోమవారం ఇయ్యాల్సిన
ఇరవై రెండు పరుపులు లేవు.

నాకుండాయి.
అడ్వాన్సు తీసుకుంటి, తింటి కూడా.
పొద్దున్నే లేస్తే నేల తెప్ప మాదిరి ఊగె.
ఊగితే ఊగనీ అని
మిషను కాడికి పోయి స్విచ్చేస్తి.
మా చిన్నాయన రెండు వేళ్ళు తిన్న మిషను అది.
చప్పుడు లేదు.
మళ్ళా ఏస్తి.

"కరెంటు ఉండాది" అనె మాలంబీ
దబ్బనం పళ్ళ మధ్య పట్టుకొని,
"ఫ్యూజే లేదు."
కొంగు ముడి చూపించె.

తిడితి. గట్టిగా రాలేదు.
ఆ మాత్ర
తిట్లను కూడా సడలిస్తాది.

అమ్మేది పరుపులు, పండుకునేది ఈతచాప.
మోకాళ్ళ కింద దూది మూట పెట్టుకొని
నాలుగు దినాలు పైకప్పు చూస్తి.
రేకుల కింద బూజుకు దూది పట్టి
బూజే పరుపు అయ్యుండె.
ముప్పై ఏండ్లుగా ఈ షెడ్డులో ఉండి
తలెత్తి చూసింది ఇప్పుడే.

కట్టె పట్టుకొని దూది కొట్టింది మాలంబీ.
గుడ్డ పరిచింది మాలంబీ.
వంగి, వంగి, వంగి
అంచు కుట్టింది మాలంబీ.
ఎన్ని తూర్లు వంగిందో
లెక్క పెట్టబోయి నిద్రపోతి.

ఐదో దినం లేస్తి.
నొప్పి పోలేదు,
కొత్త కోడలు మాదిరి రొంత పక్కకు జరిగి
తావిచ్చె.
"ఇంక ఎయ్యి" అని మాలంబీ ముడి విప్పి
ఫ్యూజు పెట్టను వంగె.

లేసేటప్పుడు
ఎడమ చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయె.
ఒక్క ఊపిరంత సేపు ఆగె.
ఆ తావు నాకు తెలుసు.
బెత్తెడు పైన.

"ఎన్నాళ్ళ నుంచి?"
"ఏది?"
"అదే."
"అంచు కుట్టేవాళ్ళకు అది ఉంటాది లే. స్విచ్చెయ్యి."

ఈ రాత్రికి ఒక మాత్ర మిగిలుండాది.
చెయ్యి దాని మీదికి పోయె.
ఎవరి చీటీ వాళ్ళదే.
చెయ్యి ఎనక్కి తీసుకుంటి.

వార్డెనుకు ఫోను చేసి
సోమవారం కాదు సార్, గురువారం అంటి.
ఆయన ఏమేమో అనె.
ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ
తొమ్మిదికి తెరుస్తారు.

ఫ్యూజు పీకి
నా జేబులో ఏసుకుంటి.